కొక్కెం మర్చిపోయాను

ఆ వేసవిలో మా ఆసుపత్రికి మూడువందల పన్నెండు మంది ఎక్కడో ఒకచోట నుంచి కిందపడి వచ్చారు. మెట్ల మీంచి, మంచం మీంచి, గోడ మీంచి, బస్సు ఫుట్‌బోర్డు మీంచి. ఒక పెద్దాయన పార్కులో మనవడి సరదా తీర్చడానికి సిమెంటు ఏనుగెక్కి, దాని మీంచి పడ్డాడు. వీళ్ళందరిలో ఏడుగురు మా మామయ్య చేసిన నిచ్చెనల మీంచి పడ్డారు. నేను చెప్పబోయేది ఆ ఏడుగురి సంగతి. అందులోనూ ఆరో మనిషి సంగతి.

నా ఉద్యోగం దెబ్బలు రాసుకోవడం. ఎమర్జెన్సీ గదిని ఆనుకుని ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. కట్టు కట్టించుకున్నవాళ్ళు గానీ, వాళ్ళని తెచ్చినవాళ్ళు గానీ నా ఎదురుగా కూర్చుంటారు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తుండగా, దేనివల్ల, ఎలా అని అడిగి ఫారం నింపుతాను. చివర్లో ఒక పెద్ద గడి ఉంటుంది. దాని పేరు ‘బాధితుడి మాటల్లో’. వాళ్ళేమంటే అది, అక్షరం మార్చకుండా అక్కడ రాయాలి. ఇది పోలీసులకి వెళ్తుందా అని సగం మంది అడుగుతారు. వెళ్ళదని చెప్తాను. మరెందుకమ్మా అని మిగతా సగం మంది అడుగుతారు.

ఎందుకో మా డాక్టరమ్మ చెప్పేవారు. ఆవిడ సూది వెయ్యరు, మందు రాయరు. ఊరు మొత్తానికి తగిలే దెబ్బలన్నీ ఒకచోట పోగేసి, అవి మళ్ళీ తగలకుండా ఏం చెయ్యాలో చూడటం ఆవిడ పని. నేను చేరిన కొత్తలో బస్టాండు మెట్ల మీద ఒక్క నెలలో ఇరవై ముగ్గురు పడ్డారు. ఇరవై ముగ్గురూ ‘చూసుకోలేదు’ అనే రాయించారు. ఆవిడ టేపు పట్టుకుని వెళ్ళి కొలిస్తే నాలుగో మెట్టు మిగతావాటికంటే అంగుళంన్నర ఎత్తుంది. దాన్ని చెక్కించాక మరుసటి నెల ఇద్దరే పడ్డారు.

“పడ్డవాళ్ళు ఎప్పుడూ తమనే తిట్టుకుంటారు. మనం మాత్రం మెట్టుని చూడాలి” అన్నారావిడ.

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇంటికొచ్చి అందరికీ చెప్పాను కూడా.

మా ఇంటి ముందు భాగమే మామయ్య వర్కుషాపు. ముప్పై ఏళ్ళుగా ఆయన చేసేది ఒకటే వస్తువు, ఇనుప మడత నిచ్చెన. ఆకుపచ్చ రంగు, ఆరు మెట్లు, పై మెట్టు అడుగున సుత్తితో కొట్టిన నంబరు. మా ఆయన గొట్టాలు కోస్తాడు, రంగు వేస్తాడు, తయారైనవాటిని హార్డ్‌వేర్ షాపులకి చేరుస్తాడు. వెల్డింగు మాత్రం మామయ్యదే. కన్నకొడుకు చేతికి కూడా ఆ పని ఇవ్వరు. నా ఉద్యోగం ఆయనకి మొదట్నుంచీ తమాషా. పడ్డవాళ్ళని లేపేవాళ్ళని చూశాను గానీ, కూర్చోబెట్టి లెక్కపెట్టేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానని అనేవారు. ఇంటికెవరైనా వస్తే ‘మా దెబ్బల గుమాస్తా’ అని పరిచయం చేసేవారు. ఆయన నవ్వుతూనే అనేవారు, నేనూ నవ్వుతూనే వినేదాన్ని. లోపల మాత్రం చురుక్కుమనేది.

చలికాలం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒకసారి, భోజనాల దగ్గర, ఈ రెండు నెలల్లో పదిహేను మంది మడత నిచ్చెనలో వేళ్ళు నలగ్గొట్టుకుని వచ్చారని అన్నాను. ఊరికే, మాటల్లో మాటగా అన్నాను. మామయ్య చెయ్యి ఆగిపోయింది. అవి మనవేనా అని అడిగారు. తెలీదన్నాను. నిచ్చెన అని రాస్తాం తప్ప ఎవరు చేసిన నిచ్చెనో రాయం. అసలా వేళ్ళు ఎక్కడ నలిగాయని అడిగితే, మధ్య పట్టీలో అని చెప్పాను. అప్పట్లో అందరి నిచ్చెనలకీ ఆ పట్టీయే ఉండేది. ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్యన, మోచెయ్యిలా మడతపడే ఇనుప పట్టీ. నిచ్చెన తెరిస్తే అది చాచుకుని, టక్కుమని తనంతట తనే బిగుసుకుంటుంది. ఆ టక్కుమనే చోట వేలుంటే నలుగుతుంది.

ఆయన సగం భోజనంలో లేచి వర్కుషాపులోకి వెళ్ళిపోయారు. ఈ మనిషికి ఇనుము తప్ప ఇంకేదీ రుచించదని అత్తయ్య కంచం తీసింది.

ఇక్కడ నేను చేసిన తప్పు ముందే ఒప్పుకోవాలి. పదిహేను అని సంఖ్య చెప్పాను. ఆ పదిహేనులో పద్నాలుగు వేళ్ళు వారం తిరక్కుండా మానిపోయాయని చెప్పలేదు. ఒక్కరికి మాత్రం రెండు కుట్లు పడ్డాయి. ఆ పట్టీ ముప్పై ఏళ్ళుగా ఎంతమందిని పడకుండా ఆపిందో నాకు తెలీదు, ఎందుకంటే పడనివాళ్ళు మా ఆసుపత్రికి రారు. రోజూ అంకెలతో బతికేదాన్ని, అంకె చెప్పి దాని బరువు చెప్పకుండా వదిలేశాను.

రెండు వారాల్లో మామయ్య పట్టీ తీసేసి, దాని స్థానంలో ఒక సన్నటి కడ్డీ పెట్టారు. కడ్డీ చివర కొక్కెం. వెనక కాలికి చిన్న ఇనుప రింగు. నిచ్చెన తెరిచి, కొక్కేన్ని రింగులో తగిలిస్తే సరి. వేలు నలగడానికి అందులో చోటే లేదు. దాన్ని నా ఎదుట పదిసార్లు తెరిచి మూశారు. నా చెయ్యి పట్టుకుని, ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అని ప్రతి సందులోనూ వేలు పెట్టించారు. హార్డ్‌వేర్ షాపుల వాళ్ళందరికీ ఒకటే చెప్పారట. లెక్క మా కోడలిది, పని నాది అని. ‘దెబ్బల గుమాస్తా’ అన్న పేరు ఆ రోజుతో పోయింది. ఇంటికొచ్చినవాళ్ళకి ‘మా కోడలు ఆసుపత్రిలో పరిశోధన చేస్తుంది’ అని చెప్పడం మొదలుపెట్టారు.

“నలభై ఏళ్ళుగా నేను చెప్పిందొక్కటీ చెవిన పెట్టని మనిషి, కోడలు చెప్పగానే నిచ్చెన మార్చేశారు” అంది అత్తయ్య. అందులో ఎత్తిపొడుపు కంటే ముచ్చటే ఎక్కువ. నాకైతే నేల మీద కాలు ఆనలేదు.

ఎండలు ముదిరాయి. ఇళ్ళకి రంగులు వేయించుకునేవాళ్ళు, ఫ్యాన్లు తుడిచేవాళ్ళు, అటక మీద సామాన్లు దించేవాళ్ళు అందరూ నిచ్చెనెక్కే కాలం అది. కొక్కెం నిచ్చెనలు చేసినవి చేసినట్టు పోయాయి.

పడటాలు కూడా మొదలయ్యాయి. మొదట ఒక స్కూలు టీచరు ఫ్యాను తుడుస్తూ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. తర్వాత మందుల షాపాయన, మోకాలు. కర్టెన్లు తగిలిస్తూ ఒక కొత్త పెళ్ళికూతురు, చీలమండ. బల్బు మారుస్తూ రిటైరైన గుమాస్తా ఒకాయన, రెండు పక్కటెముకలు. ఆ తర్వాత మిషను కుట్టుకునే ఒకామె, మోచెయ్యి. అందరివీ రాసుకున్నాను. వేసవిలో నిచ్చెన మీంచి పడేవాళ్ళు ఏటా ఉంటారు కాబట్టి నాకేమీ తట్టలేదు.

పదకొండో తేదీ మధ్యాహ్నం, ఆ వారం ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. మిషను కుట్టే ఆమె ఫారంలో చివరి గడి దగ్గరికొచ్చాను. ‘కొక్కెం మర్చిపోయాను, నాదే పొరపాటు’ అని ఉంది. ఈ వాక్యం పొద్దుట్నుంచీ టైపు చేస్తూనే ఉన్నానే అనిపించి, పైనున్న వరుసలోంచి దాన్ని కాపీ చేసి ఇక్కడ అతికించాను. అతికించాక చెయ్యి ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి చూశాను. ఐదుగురు మనుషులు, ఒకరి మొహం ఒకరికి తెలియనివాళ్ళు, ఐదుసార్లు ఒకే మాట. ఊళ్ళో కొక్కెం ఉన్న నిచ్చెన చేసేది మా మామయ్య ఒక్కరే.

నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్తే అబద్ధమవుతుంది. పాత పట్టీ తనంతట తనే బిగుసుకునేది, కొక్కేన్ని మనిషి గుర్తుపెట్టుకుని తగిలించాలి. తగిలించకపోయినా నిచ్చెన నిలబడే ఉంటుంది. మూడో మెట్టు దాకా ఏమీ కాదు. నాలుగు, ఐదు ఎక్కాక, నున్నటి నేల మీద ముందు కాళ్ళూ వెనక కాళ్ళూ చెరోవైపుకీ జారిపోతాయి.

ఆ రోజు డాక్టరమ్మకి చెప్పలేదు. మామయ్యకి చెప్పలేదు. ఐదంటే ఎంత, ఇంకో పది రోజులు చూద్దాం అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడోరోజు మా ఆయనకి చెప్పాను. కొక్కెం పెట్టుకోకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారన్నాడు. నాన్న ఇన్నేళ్ళకి ఇంత సంతోషంగా ఉన్నాడు, సీజను అయిపోనీ, తర్వాత మెల్లగా నేనే చెప్తానులే అన్నాడు. సరేనన్నాను. భర్త వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నానని చెప్పుకోవడం తేలికే. నిజానికి ఆ వద్దు అనిపించుకోవడానికే అతనికి చెప్పాను.

ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మామయ్య ప్రతి సాయంత్రం, ఇవాళ వేళ్ళు ఎన్నమ్మా అని అడిగేవారు. ఒక్కటీ లేదు మామయ్యా అనేదాన్ని. అది నిజమే. ఆయన ఎంతో తృప్తిగా తలాడించి లోపలికి వెళ్ళేవారు.

ఇరవయ్యో తేదీన పెయింటరు వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఎవరిదో హాల్లో పైకప్పుకి రంగు వేస్తూ ఐదో మెట్టు మీంచి నిటారుగా కాళ్ళ మీద పడ్డాడు. రెండు మడమలూ విరిగాయి. నడుం దగ్గర వెన్నుపూస ఒకటి నలిగింది. జుట్టు మీదా చెవుల మీదా తెల్లరంగు ఎండిపోయి ఉంది. స్ట్రెచర్ పక్కనే నిలబడి ఫారం నింపాను. నిచ్చెన ఏ రంగు అని అడగనవసరం లేదు, అయినా అడిగాను. పచ్చది, ఆ ఇంటివాళ్ళు కొత్తగా కొన్నారని చెప్పాడు.

చివరి గడికి వచ్చేసరికి అతని భార్య చేరుకుంది. ఏడుపూ కోపమూ కలిసిపోయి ఉన్నాయి ఆ గొంతులో. ఇరవై ఏళ్ళ నుంచి ఎక్కుతున్నావు, ఆపాటి జాగ్రత్త లేకపోతే ఎలా, ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దా అని వార్డంతా వినపడేలా అడుగుతోంది. అతను నా వైపు తిరిగి, రాసుకోండి మేడమ్ అన్నట్టు చెయ్యి ఊపాడు.

“కొక్కెం మర్చిపోయాను” అన్నాడు.

రాసుకున్నాను. అతను మళ్ళీ నిచ్చెన ఎక్కగలడా అని ఎముకల డాక్టర్ని బయట అడిగాను. నడిస్తే గొప్ప అన్నాడాయన. బాత్‌రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, మిగిలిన ఫారాలు నింపి, టైముకి ఇంటికి బయల్దేరాను.

ఇంకా ఎండ ఉండగానే ఇల్లు చేరాను. లోపలికి పోకుండా నేరుగా వర్కుషాపులోనే ఆగాను. మామయ్య ఒక పక్క, మా ఆయన ఒక పక్క పనిలో ఉన్నారు. ఆరుగురి సంగతీ నిలబడే చెప్పాను. చెప్పేటప్పుడు ఒక చిన్న సర్దుబాటు చేశాను. ఇవాళ పెయింటరు పడ్డాక అనుమానం వచ్చి వెనక ఫారాలు చూశాను, ఇంకో ఐదు దొరికాయి అన్నాను. మా ఆయన తల వంచుకుని రంగు డబ్బా మూత బిగిస్తూ ఉండిపోయాడు.

మామయ్యకి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేదనిపించింది. వెల్డింగు అద్దాలు తీసి పక్కన పెట్టి, ఒక్కొక్కటీ అడిగారు. వాళ్ళు కొక్కెం పెట్టారా. లేదు. పెట్టి ఉంటే పడేవాళ్ళా. పడరు.

“మరి నిచ్చెనదేం తప్పమ్మా? బండికి బ్రేకుంటుంది. అది వెయ్యకుండా గోడకి గుద్దుకుంటే బండి చేసినవాణ్ణి అంటామా?”

బస్టాండు మెట్ల మాట నోటిదాకా వచ్చింది గానీ, ఎదురు మాట్లాడినట్టుంటుందని మింగేశాను. ఆయనే మళ్ళీ అందుకున్నారు. పాత పట్టీ అంత మంచిదని అనుకుంటున్నావేమో, అది వేలునెలా కొరుకుతుందో చూపిస్తానుండు, పాతవి పై అరలో డబ్బాలో పడేశాను అన్నారు. గోడకి ఆనించి ఉన్న కొత్త నిచ్చెన లాగి, అర కింద తెరిచి, మాట్లాడుతూనే ఎక్కారు. మనిషన్నాక వస్తువుని వాడటం నేర్చుకోవాలి, అన్నిటికీ చేసినవాణ్ణి పట్టుకుంటే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు అంటూ ఎక్కారు. ఒకటి. రెండు. మూడు.

కడ్డీ ఖాళీగా వేలాడుతూ ఉంది. దాని కొక్కెం నెమ్మదిగా ఊగుతోంది.

నేను చూశాను. మా ఆయనా చూశాడు. అరిస్తే ఆయన ఉలిక్కిపడి తిరుగుతారని భయమేసింది. వెళ్ళి నేల మీద గొంతుక్కూర్చుని వెనక కాళ్ళు రెండూ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఐదో మెట్టు దాకా వెళ్ళారు. డబ్బా దించి, అందులో గలగలా వెతికి, ఒక పట్టీ బయటికి తీసి, ఇదిగో ఇక్కడ వేలు పడిందంటే అని నాకు చూపించబోయి కిందికి చూశారు. నా మొహం కోసం చూస్తే నా చేతులు కనిపించాయి. తర్వాత కొక్కెం కనిపించింది.

ఆయన ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. కొక్కేన్ని రింగులో తగిలించారు. తీశారు. మళ్ళీ తగిలించారు. స్టూలు లాక్కుని కూర్చుని, చాలాసేపు ఆ నిచ్చెన వైపే చూశారు.

“ఎన్ని పంపాంరా?” అన్నారు మా ఆయనతో.

యాభై ఎనిమిది అన్నాడు మా ఆయన.

“రేపట్నుంచి వెనక్కి తెచ్చెయ్.”

గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తయ్య, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట అని ఎవరినీ ఉద్దేశించకుండా అని, లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు డాక్టరమ్మకి చెప్పాను. ఇంట్లో చెప్పిన పద్ధతిలోనే చెప్పాను, పెయింటరు పడ్డాకే తెలిసిందని. ఆవిడ ఆరు ఫారాలూ బల్ల మీద పరిచి, చివరి గడులు వరుసగా చదివారు. ఆరు కేసులకే పట్టుకున్నారంటే మామూలు విషయం కాదని మెచ్చుకున్నారు. అదీ సొంత ఇంటి వస్తువని తెలిసీ దాచకుండా చెప్పారు, నెలవారీ నివేదికలో మీ పేరు రాస్తాను అన్నారు. వద్దండీ అన్నాను. వినయం అనుకున్నారు. పదకొండో తేదీ సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. ఫారాలు ఎత్తుకుని నా గదికి వచ్చేశాను.

తర్వాత మూడు వారాలు మా ఇంట్లో నిచ్చెనలు తిరిగొస్తూనే ఉన్నాయి. షాపుల్లో అమ్ముడు కానివి పదమూడు ఒక్కరోజులో వచ్చేశాయి. మిగతావాటికి షాపువాళ్ళని అడిగి, చిరునామాలు పట్టుకుని, మా ఆయనా మామయ్యా ఆటో ట్రాలీలో ఇల్లిల్లూ తిరిగారు. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళాను. ఇచ్చెయ్యడానికి చాలామంది ఒప్పుకోలేదు. మాది బాగానే ఉందండీ, మేం కొక్కెం పెట్టుకునే ఎక్కుతాం అనేవారు. మామయ్య వాదించేవారు కాదు. సరే, ఒకసారి తెచ్చి ఇక్కడ తెరిచి, ఆ దీపం దాకా ఎక్కి చూపించమ్మా అనేవారు. వాళ్ళు ఎక్కబోతుంటే నిచ్చెన కాళ్ళు తను పట్టుకునేవారు. నేను వెంట ఉన్న ఇళ్ళు ఇరవై ఆరు. కొక్కెం తగిలించి ఎక్కినవాళ్ళు ఏడుగురు. మిగతా పంతొమ్మిది మందీ దిగొచ్చి, కొక్కెం చూసుకుని, నిచ్చెన ఇచ్చేశారు.

ఈ లోపల, ఇరవై నాలుగో తేదీన, ఏడో మనిషి పడ్డాడు. నాలుగో మెట్టు మీంచే అయినా పక్కనున్న పరుపు మీద పడ్డాడు కాబట్టి మోచెయ్యి గీసుకుని బతికిపోయాడు. మొత్తం మీద యాభై ఎనిమిదిలో యాభై ఐదు దొరికాయి. మూడు ఎవరు కొన్నారో ఇప్పటికీ తెలీదు.

తీసుకున్న ప్రతిదానికీ బదులు మామయ్య కొత్తది చేసి ఇచ్చారు. పాత పట్టీయే, అయితే టక్కుమని బిగుసుకునే చోట వేలు పోకుండా చిన్న రేకు తొడుగు. అది చెయ్యడానికి ఆయనకి పట్టింది ఒక పూట. రేకు తొడుగు మొదటే తట్టి ఉంటే ఏ గొడవా లేకపోయేదని ఒకసారి నాతో అన్నారు. డాక్టరమ్మ ఆ తొడుగు బొమ్మ గీయించి, ఇంకా ఎక్కడెక్కడ నిచ్చెనలు చేస్తారో అందరికీ పంపించారు. మామయ్య పనంతా పూర్తయ్యాక ఒక్కటే అడిగారు. ఆ పెయింటర్ని ఒకసారి చూడాలి.

అలా వెళ్ళడానికి వీల్లేదు. ఫారంలో ఉన్న పేరు మా గది దాటకూడదు. డాక్టరమ్మే అతనికి ఫోను చేసి, ఆ నిచ్చెన చేసినాయన రావచ్చా అని అడిగారు. రమ్మనండి అన్నాడట.

మామయ్యా నేనూ వెళ్ళాం. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం. మోకాళ్ళ దాకా రెండు కాళ్ళకీ పిండికట్లు. గోడకి ఆనించిన బ్రష్షుల కట్టకి కాగితం చుట్టేసి ఉంది. మబ్బు పట్టి గదిలో చీకటిగా ఉంటే, అతని భార్య దీపం వేసి, మాకు రెండు కుర్చీలు వేసింది. మామయ్య కూర్చోలేదు.

“ఆ నిచ్చెన చేసింది నేను బాబూ” అన్నారు.

పెయింటరు ఇబ్బందిగా నవ్వాడు. నిచ్చెనదేం లేదు పెద్దాయనా, గట్టి వస్తువే, కొక్కెం మర్చిపోయింది నేను అన్నాడు. ఇంత దూరం మీరెందుకు రావడం అన్నాడు. ఆ మాట పట్టుకుని మేము అక్కడితో లేచి రావచ్చు. చాలామంది అలాగే లేచి వచ్చి ఉండేవాళ్ళు.

“నేనూ మర్చిపోయాను” అన్నారు మామయ్య. “చేసినవాణ్ణి, నేనే మర్చిపోయి ఎక్కాను. మా కోడలు నిచ్చెన కాళ్ళు పట్టుకోబట్టి పడలేదు. చేసినవాడికే గుర్తుండని దాన్ని నువ్వు గుర్తుపెట్టుకోలేదని అనడం న్యాయం కాదు. తప్పు నీది కాదు.”

పెయింటరు కిటికీ వైపు తిరిగాడు. అతని భార్య మంచం కోడు పట్టుకుని నిలబడింది. మూడు వారాలుగా ఈయన్ని నేను అనని మాట లేదు అంది. ఎవరితో అందో తెలీదు. అతని కాళ్ళ మీది దుప్పటి, సరిగ్గానే ఉన్నదాన్ని, మళ్ళీ సర్దింది. తర్వాత మామయ్య వైపు చూసింది.

“ఇలా పడుతున్నారని మీకెప్పుడు తెలిసింది?”

మామయ్య వెంటనే చెప్పారు. ఆయనకి తెలిసిన నిజం అదే కాబట్టి తడుముకోలేదు.

“ఈయన పడ్డరోజే తెలిసిందమ్మా. ఆ సాయంత్రమే మా కోడలు లెక్కలన్నీ చూసి చెప్పింది. ఆ పూటే అమ్మకం ఆపేశాం.”

ఆవిడ నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో నా మీద ఏ కోపమూ లేదు. నన్ను ఆసుపత్రిలో చూసినట్టు గుర్తుపట్టింది. మీరు చూడబట్టి ఇంకొకరు పడకుండా ఆగింది, మీరు చల్లగా ఉండాలమ్మా అంది. మామయ్య నా భుజం మీద చెయ్యి వేశారు. కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా పట్టుకోవడం అదే మొదటిసారి. నాకు చాలా సిగ్గేసింది.

“ఈయన పడ్డరోజు కాదు” అన్నాను. “నాకు పదకొండో తేదీనే తెలుసు.”

మామయ్య చెయ్యి నా భుజం మీదే ఉంది గానీ, దాని బరువు పోయింది. పెయింటరు కిటికీ మీంచి చూపు తిప్పాడు. ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. ఈయన పడింది ఇరవయ్యో తేదీ కదా అని నన్నే అడిగింది. అవునన్నాను. ఆవిడ బొటనవేలితో కణుపులు ఒక్కొక్కటే తాకుతూ, పెదాలు కదిలిస్తూ, పదకొండు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్క నాకు తెలుసు. అయినా ఆవిడ పూర్తి చేసేదాకా తల దించకుండా నిలబడ్డాను.